మా కొట్టుకు నేనే పెద్ద గిరాకీ

నిలువెత్తు ఫ్రిజ్జును, గాజు తలుపుతో, లోపల తెల్లటి లైటుతో సహా, ఒక్క రూపాయి ఇవ్వకుండా కొట్టులో దింపించుకున్న మొనగాణ్ణి నేను. బూర్గంపాడు రోడ్డులో ఏ దుకాణదారుణ్ణైనా అడిగి చూడండి. అంత గొప్ప బేరం ఆ దారిలో ఇంకెవరూ చేయలేదు. ఇకముందు చేయరు కూడా. ఎందుకంటే ఆ బేరం తర్వాత నా ఎడమ కాలికి ఏ గతి పట్టబోయిందో వాళ్ళంతా కళ్ళారా చూశారు.

కంగారు పడకండి, కాలు ఉంది. మొత్తం ఉందా అంటే, అది చివర్లో చెబుతాను. సరుకు చూపించకముందే బిల్లు చూపిస్తే ఏ గిరాకీ నిలబడుతుంది?

మాది తాతల నాటి కిరాణా కొట్టు. ఒక పక్క గూడేలు, అడవి. మరో పక్క బొగ్గు లారీలు తిరిగే రోడ్డు. నేను "అమ్మ" అనడం కన్నా ముందు "తగ్గించు" అనడం నేర్చుకున్నానని మా నాయన చెబుతుంటాడు. అది కొంచెం ఎక్కువే గానీ పూర్తిగా అబద్ధం కాదు. పెళ్ళిచూపులకు వెళ్ళినప్పుడు వాళ్ళు మైసూర్‌పాక్ పళ్ళెం ముందు పెడితే, "కిలో ఎంతకు తెచ్చిండ్రు?" అని అడిగాను. పెద్దవాళ్ళంతా నేల చూపులు చూస్తుంటే, పెళ్ళికూతురు తలెత్తి ధర చెప్పి, "రెండు కిలోలు తీసుకుంటే పావు కిలో కొసరు" అంది. ఆ సంబంధం అక్కడికక్కడే ఖాయమైంది. ఆమే మా రమ.

మా ఇంటి పద్ధతి ఇంకొకటి ఉంది. అది తెలియకపోతే ఈ కథ అర్థం కాదు. కొట్టులో అమ్ముడుపోనిది ఇంట్లోవాళ్ళ కడుపులోకి పోవాలి తప్ప చెత్తకుండీలోకి పోకూడదు. మెత్తబడ్డ అరటిపండ్లు, పురుగు పట్టబోతున్న రవ్వ, తారీఖు దగ్గరపడ్డ బ్రెడ్డు, అన్నీ మావే. చిన్నప్పుడు ఒకసారి చుట్టాలింటికి వెళితే బిస్కెట్లు పెట్టారు. బిస్కెట్టు గుండ్రంగా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. అంతదాకా మా ఇంట్లో నేను తిన్నవన్నీ విరిగిన ముక్కలే.

ఇలాంటి వంశంలో పుట్టినవాడి దగ్గరికి, కిందటేడు ఒక మండుటెండలో, కూల్‌డ్రింకుల కంపెనీ కుర్రాడు కిరణ్ మోటర్‌సైకిల్ దిగి వచ్చాడు.

"అన్నా, ఫ్రిజ్ ఫ్రీ. నెలకు నలభై కేసుల సీసాలు దింపుకుంటే చాలు."

"నలభై కేసులా? ఈ రోడ్డు మీద మనుషులున్నరా తమ్ముడూ అంతమంది? టేకు చెట్లకు తాపియ్యాల్నా ఏంది?"

"ఎండకాలం కదన్నా. లారీ డ్రైవర్లే ఊదిపడేస్తరు."

"ఇరవై."

"ఇరవైకి ఐసు డబ్బా కూడ రాదన్నా."

"సరే, ఇరవై అయిదు. పైన పెద్ద గొడుగు ఒకటి. కొట్టు ముందల నీడకు."

"గొడుగు పెద్ద దుకాణాలకే ఇస్తరన్నా."

"మరి నాది చిన్నదని తెలిసి గూడ ఇంత ఎండల ఎందుకొచ్చినవ్? కూసో, మజ్జిగ తాగు. గొడుగు సంగతి తర్వాత మాట్లాడుదం."

మజ్జిగ తాగినవాడు మెత్తబడ్డాడు. ముప్పై కేసులు, గొడుగు, గోడలకు కంపెనీ రంగు. ఏ నెలలో లెక్క తప్పినా బండి వచ్చి ఫ్రిజ్జును తీసుకుపోతుంది. నేను చేయి కలిపాను. గొడుగు అడిగే తెలివి ఉంది గానీ, వానాకాలంలో ఏం చేయాలో అడిగే తెలివి ఆ రోజు నాకు లేదు.

మా నాయన గల్లాపెట్టె దగ్గర కూర్చుని అంతా విన్నాడు. "ఏనుగును ఊరికే ఇస్తుండ్రా?" అన్నాడు.

"అవ్ నాయనా."

"మరి గడ్డి ఎవడు పెడ్తడు రా?"

"గిరాకీలు పెడ్తరు."

"పెట్టని నాడు?"

"గసొంటి రోజు రాదు" అన్నాను. ఆ మాట మీద డబ్బు కాదు, నా కాలు పందెం కాశానని అప్పుడు నాకు తెలియదు.

ఎండాకాలమంతా నేను రాజును. డ్రైవర్లు లారీ ఆపి దిగితే ఫ్రిజ్ తలుపు గుడి తలుపులా తెరుచుకునేది. పక్క ఊళ్ళ దుకాణదారులు పని కల్పించుకుని వచ్చి మరీ ఫ్రిజ్జును చూసి, "మా దగ్గర పైసలు అడిగిండ్రే" అని నిట్టూర్చి పోయేవాళ్ళు. ఆ నిట్టూర్పుల చల్లదనం ముందు ఫ్రిజ్ చల్లదనం ఏ మూలకు?

తర్వాత వానలు మొదలయ్యాయి. గోదావరి పెరిగింది, వాగులు వెనక్కి తన్నాయి, రోడ్డు మీదికి నీళ్ళొచ్చాయి, లారీలు ఆగిపోయాయి. వానకు తడిసినవాడు టీ అడుగుతాడు గానీ చల్లటి సీసా అడుగుతాడా? కేసులు మాత్రం నెల నెలా దిగుతూనే ఉన్నాయి. కిరణ్ ఫోను చేసి, "అన్నా, పక్క ఊర్ల రెండు ఫ్రిజ్జులు వాపస్ పోయినయి. నీది కాపాడుకో" అన్నాడు. నిట్టూర్చి పోయినవాళ్ళంతా ఇప్పుడు నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. ఫ్రిజ్ పోతే పరువూ దానితోపాటే బండి ఎక్కుతుంది.

మొదటి ఉపాయం చిల్లర. చిల్లర లేదని చాక్లెట్టు చేతిలో పెట్టడం మా వృత్తిలో పాత విద్యే. నేను దాన్ని చిన్న సీసా దాకా పెంచాను. ముత్తమ్మ అవ్వ అని, గూడెం నుంచి పింఛను డబ్బులతో ఉప్పుకు, చింతపండుకు వచ్చేది. మిగిలిన చిల్లరకు బదులు సీసా ఇచ్చాను.

"నాకెందుకు సావుకారి? ఇంటికాడ జావ ఉన్నది."

"రోజూ జావేనా అవ్వా? ఇది తాగి చూడు, తియ్యగుంటది."

"పైసలియ్యి బిడ్డా."

"చిల్లర లేదవ్వా. వానకు బ్యాంకోళ్ళు గూడ వస్తలేరు."

ముత్తమ్మ ఆ సీసాను కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది. తర్వాతి వారం చిల్లర అడగలేదు. ఆ తర్వాతి వారం, "గా ఎర్రది ఇయ్యి" అని తానే ఫ్రిజ్ వైపు చూపించింది. చూశారా, అలవాటు చేయడం కూడా ఒక కళే అని మీసం దువ్వుకున్నాను.

ముత్తమ్మ ఒక్కతే ఎన్ని తాగుతుంది? మిగిలిన కేసులు గోడ వారన నన్నే చూస్తున్నాయి. అప్పుడు మా ఇంటి పద్ధతి గుర్తొచ్చింది. అమ్ముడుపోనిది కడుపులోకి. విరిగిన బిస్కెట్లు తిని పెరిగినవాడికి విరగని సీసాలు ఒక లెక్కా?

పొద్దున టిఫినుతో నారింజది. మధ్యాహ్నం అన్నం తర్వాత నల్లది. సాయంత్రం నిమ్మకాయది, అది ఒంటికి మంచిదని నాకు నేనే చెప్పుకున్నాను. రోజుకు రెండు లీటర్లు సునాయాసంగా కరిగిపోయేవి. నా డబ్బులు గల్లాపెట్టెలో నేనే వేసి, నాకు నేనే సీసా అందించుకునేవాణ్ణి. బేరం మాత్రం ఆడలేదు, అవతలివాడు నాకన్నా గట్టివాడు.

విచిత్రం ఏమిటంటే, తాగేకొద్దీ దూప పెరిగింది. దూప పెరిగేకొద్దీ తాగాను. మంచి సరుకు తన గిరాకీని తానే పుట్టించుకుంటుందని మురిసిపోయాను. ఎండాకాలంలో కూడా అంత దాహం వేయలేదు. బయట గోదావరి, లోపల నేను, ఇద్దరం పొంగుతున్నాం. కొట్టు వెనక బాత్రూముకు తిరిగీ తిరిగీ కాలిబాట పడింది. మరో పక్క ఒళ్ళు తగ్గింది. ప్యాంటు జారిపోతుంటే సుతిలితాడు కట్టుకున్నాను.

"గిట్ల ఎండిపోతున్నరేంది?" అంది రమ.

"పని రమా, పని. కూసొని తినేటోడికి పొట్ట వస్తది. నిలబడి అమ్మేటోడికి నడుము వస్తది."

"నీళ్ళు తాగి ఎన్ని రోజులైంది మీరు?"

"ఇందుల గూడ నీళ్ళే ఉంటయి గదా."

తర్వాత చీమలు వచ్చాయి. బాత్రూము గుమ్మం దగ్గర నల్లటి బారు, సంతకు పోతున్న జనంలా. మా నాయన బెల్లం బస్తా చిరిగిందేమోనని కొట్టంతా వెతికించాడు. నేను చీమల మందు మీద రెండు రూపాయలు తగ్గించుకుని కొని చల్లాను. బెల్లం ఉన్నచోటికే చీమలొస్తాయని లోకమంతా అంటుంది. ఆ బెల్లం నేనేనని ఒక్క చీమైనా నోరు తెరిచి చెప్పలేదు.

ఒకరోజు వరద నీళ్ళు కొట్టు మెట్ల దాకా వచ్చాయని కేకలు వేశారు. ఉప్పు బస్తాలు, పప్పు బస్తాలు వదిలేసి నేను ముందు ఫ్రిజ్జును పట్టుకున్నాను. ఇటుకల మీదికి ఎత్తుతుంటే అది జారి, దాని ఇనుప కాలు నా ఎడమ కాలి చిటికెన వేలి మీద దిగింది. గోరు లేచిపోయింది, రక్తం వచ్చింది. నొప్పి మాత్రం రాలేదు.

"నొప్పి లేదా?" అంది రమ ఆశ్చర్యంగా.

"కొట్టుల పెరిగిన కాలు ఇది. బస్తాలు మోసిన కాలు" అని కాలు ఊపి చూపించాను. వరద దిగిపోయింది. వేలు మాత్రం మానలేదు. పసుపు పెట్టాను, గుడ్డ చుట్టాను, చెప్పు మార్చాను. కొన్నాళ్ళకు వేలు నేరేడుపండు రంగుకు తిరిగింది. గుడ్డ విప్పితే రమ ముక్కు మూసుకుంది. ఆ రోజు ఆమె బేరమాడలేదు. ఆటో పిలిచి నన్ను ఎక్కించింది. కిరాయి ఎంతని కూడా అడగలేదు. నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే.

దవాఖానాలో నెత్తురు పరీక్ష చేసి, సర్జన్ డాక్టరమ్మ కాగితం చూసింది. సన్నటి మనిషి, మాట మాత్రం కందిపప్పు తూకంలా గట్టిగా ఉంటుంది.

"షుగర్ నాలుగు వందల ముప్పై."

నా నోరు అలవాటు కొద్దీ తెరుచుకుంది. "మేడం, మరీ ఎక్కువ చెప్తున్నరు. మూడొందలకు రాదా?"

ఆమె కళ్ళజోడు తీసి నన్ను చూసింది. "నూట నలభై లోపల ఉండాలి. రోజూ ఏం తాగుతారు?"

"ఏం తాగరో అడగండి మేడం" అంది రమ. "నీళ్ళొక్కటి తాగరు."

ఫ్రిజ్ కథ మొత్తం రమే చెప్పింది. నేను మధ్యలో గొడుగు గురించి ఒక ముక్క కలపబోయాను గానీ డాక్టరమ్మ చేయి అడ్డం పెట్టింది.

"ఇది ఈ వానాకాలంలో పుట్టింది కాదు. ఏళ్ళ కిందటే లోపల మొదలై ఉంటుంది, మీరు చూపించుకోలేదు. దాని మీద రోజూ తీపి నీళ్ళు పోశారు. షుగర్ పెరిగితే దాహం పెరుగుతుంది, దాహానికి మీరు మళ్ళీ అదే తాగారు. కాలి నరాలు మొద్దుబారాయి, అందుకే ఫ్రిజ్ పడినా తెలియలేదు."

"నొప్పి లేకపోవుడు మంచిదే గదా మేడం?"

"రాత్రి మీ కొట్టులో దొంగలు పడ్డారనుకోండి. కుక్క మొరగకపోతే మంచిదేనా?"

దుకాణదారుడికి దుకాణం భాషలో చెబితే ఎంత లోపలికి దిగుతుందో ఆ రోజు తెలిసింది.

"చిటికెన వేలు తీసేయాలి" అంది ఆమె. "పక్క వేలు కూడా అనుమానంగానే ఉంది. ఇంకా ఆలస్యం చేస్తే పాదం దాకా పోతుంది."

రమ గోడ పట్టుకుంది. కానీ నా పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది?

"మేడం, ఒక మాట. చిటికెన వేలు తీసుకోండి, నేను కాదనను. పక్కది మాత్రం అప్పు కింద నా దగ్గరే ఉంచండి. వారం రోజుల్ల షుగర్ దించకపోతే తీసుకపోండి."

"వారం ఇవ్వను. మూడు రోజులు చూస్తాను. సూది, మందులు, తిండి, అన్నీ నేను చెప్పినట్టే. ఒక్క గుక్క తీపి లోపలికి పోయినా బేరం రద్దు."

"ఖాయం" అన్నాను.

ఆ మూడు రోజులు మంచం మీద పడుకుని నా కాలి వేళ్ళను నేను చూసినంత ప్రేమగా ఏ దుకాణదారుడూ తన గల్లాపెట్టెను చూసి ఉండడు. చిటికెన వేలు పోయింది, పక్క వేలు దక్కింది. నా జన్మలో చేసిన బేరాలన్నిటిలో అదే గొప్పది. నిట్టూర్చడానికి పక్క ఊళ్ళ నుంచి ఒక్కరూ రాలేదు.

ఇంటికి వచ్చిన తర్వాత సీసా మీద రాసింది మొదటిసారి చదివాను. ధర, తారీఖు తప్ప అక్కడ వేరే అక్షరాలు ఉంటాయని నాకు అంతదాకా పట్టలేదు. త్రాసు ముందు పెట్టుకుని, నేను రోజూ తాగిన రెండు లీటర్లలో ఉండే చక్కెరను పళ్ళెంలో పోశాను. పోస్తూనే ఉన్నాను. పావు కిలోకు కొంచెమే తక్కువగా ఆగింది. మా నాయన దాన్ని కాగితంలో పొట్లం కట్టి నా ముందు పెట్టాడు.

"తిను."

"గింత చక్కెర ఎవడు తింటడు నాయనా?"

"రోజూ గింతే తాగినవ్ గదరా."

ఆ పొట్లం చాలా రోజులు గల్లాపెట్టె పక్కనే ఉంది. చీమలు పట్టాక తీసేశాం. ఈసారి చీమలు ఎందుకొచ్చాయో అడగాల్సిన పని లేకపోయింది.

కాలికి కట్టు ఇంకా విప్పకముందే కిరణ్ మిఠాయి డబ్బాతో దిగాడు. నా కట్టు చూసి పాపం బిత్తరపోయాడు. చెప్పడానికి వచ్చింది మింగలేక, చెప్పకుండా ఉండలేక, చివరికి గొణిగాడు.

"అన్నా... ఈ రూటు మొత్తంల వానాకాలం టార్గెట్ తప్పనిది నీదొక్కటే. పైనోళ్ళు ఖుష్ అయిండ్రు. రెండు తలుపుల పెద్ద ఫ్రిజ్ ఇస్తమన్నరు. ఫ్రీ."

నేను ఏం అనాలి? "తీసుకుపో నీ ఫ్రిజ్జు" అనాలి. కానీ నా నోరు నా మెదడుకు చెప్పకుండానే తెరుచుకుంది.

"స్టెబిలైజర్ గూడ ఇస్తరా?"

రమ చేతిలో గరిటె గాలిలోనే ఆగింది. గల్లాపెట్టె దగ్గర నుంచి మా నాయన నెమ్మదిగా అన్నాడు.

"అడుగు బిడ్డా, అడుగు. ఇంకా తొమ్మిది ఉన్నయి గదా."

కొత్తది వద్దని చెప్పి, ఆ రోజే పాత ఫ్రిజ్జును కూడా కంపెనీ బండి ఎక్కించి పంపేశాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నాకు నాలుక క్షేమంగానే ఉంది, వేలే ఊడింది. కాబట్టి మిగిలిన తొమ్మిది వేళ్ళ సాక్షిగా, మా తాత త్రాసు మీద చేయి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఊరికే వచ్చే వస్తువు ఏదైనా సరే, దానికి గడ్డి ఎవడు పెడతాడో తెలుసుకోకుండా గుమ్మం దాటనివ్వను. అమ్ముడుపోని సరుకుకు నా కడుపును గోదాము చేయను. డాక్టర్లతో బేరమాడను, ప్రాణం మీదికి వస్తే తప్ప.

కూల్‌డ్రింకులు అమ్మడం పూర్తిగా మానేశానని చెబితే మీరు మెచ్చుకుంటారు గానీ అది అబద్ధం. డ్రైవర్ల కోసం ఐసు డబ్బాలో కొన్ని ఉంటాయి. చిల్లరకు బదులు మాత్రం ఎవరి చేతిలోనూ పెట్టను.

మొన్న ముత్తమ్మ వచ్చింది. ఉప్పు, చింతపండు ఇచ్చి, మిగిలిన చిల్లర లెక్కపెట్టి చేతిలో పోశాను. ఆమె ఆ నాణేలను మళ్ళీ బల్ల మీద పెట్టింది.

"ఇవెందుకు సావుకారి? ఎర్ర సీసా ఇయ్యి."

"లేదవ్వా. జావ తాగు."

"జావ తాగితే పోతలేదు బిడ్డా. ఈ మధ్య ఎన్ని తాగినా దూప తీరుతలేదు."

ఆ మాటకు నా లేని వేలు సలిపింది. కొట్టు నాయనకు అప్పజెప్పి, అదే ఆటోలో ఆమెను దవాఖానాకు తీసుకెళ్ళి నెత్తురు ఇప్పించి వచ్చాను. దారంతా ఆమె, "నాకేమైంది బిడ్డా, మంచిగనే ఉన్న గద" అంటూనే ఉంది. నేను కూడా అప్పట్లో అదే అన్నాను.

ఇక బిల్లు. వచ్చినవి: ఒక ఫ్రిజ్, తిరిగి పోయింది. గోడలకు రంగు, వెలిసిపోయింది. ఒక గొడుగు, ఇప్పటికీ ఉంది, దాని కర్ర ఊతకర్రగా పనికొస్తోంది. పోయినవి: చిటికెన వేలు ఒకటి. బతికున్నంత కాలం రెండు పూటలా మందులు. చెప్పు వేసుకునే ముందు రోజూ రెండు పాదాలూ తడిమి చూసుకునే పని. ఇవన్నీ నా ఖాతా, నేనే కట్టుకుంటాను.

చిల్లర పేరుతో ముత్తమ్మ చేతిలో పెట్టినవి కూడా నా ఖాతాలోవే. ఆమె నెత్తురు పరీక్ష కాగితం రేపు వస్తుంది. దాని మీద ఎంత రాసి ఉన్నా, తగ్గించమని అడగను.